పూంగుళలి ప్రేమను తీసేసే ముందు

చిట్టితల్లీ,

పాత సాహస నవలల్ని వెబ్ సిరీస్‌గా రాస్తున్నామనీ, లవ్ ట్రాక్‌లు ఎక్కువయ్యాయి, రెండు తీసేయమంటున్నారనీ టెన్షన్ పడుతూ రాశావు. తీసేసే ముందు తమిళ రచయిత కల్కి రాసిన 'పొన్నియిన్ సెల్వన్' నవలనీ, మణిరత్నం తీసిన రెండు సినిమాలనీ పక్కపక్కన పెట్టుకుని చూడు.

1950 నుంచి 1954 దాకా పత్రికలో సీరియల్‌గా వచ్చిన ఐదు భాగాల చోళరాజుల కథ అది. 2022లో ఒకటి, 2023లో ఒకటి, రెండే సినిమాల్లో పట్టించాలంటే కోత తప్పదు. కథానాయకుడు వందియదేవుడి మీద ప్రాణాలు పెట్టుకున్న మణిమేఖల సినిమాలో లేనే లేదు. నవల ముగిసేది ఆమె మరణంతోనే. నాకు బాధేసింది, కానీ అర్థం చేసుకోగలను.

నందిని, చోళ రాకుమారుడు ఆదిత్య కరికాలుల దగ్గర మాత్రం మణిరత్నానికి దండం పెట్టాలి. కరికాలుణ్ణి చంపినవాళ్ళ పేర్లు శాసనంలో ఉన్నాయి, వాటిలో నందిని లేదు. ఆమె పూర్తిగా కల్కి కల్పన. పాండ్యరాజు వీరపాండ్యుణ్ణి చంపొద్దని ఆమె ప్రాధేయపడినా కరికాలుడు వినలేదు. రెండో సినిమా వాళ్ళ చిన్ననాటి ప్రేమతోనే మొదలవుతుంది. అందుకే కడంబూరు కోటలో ఇద్దరూ ఎదురుపడినప్పుడు పగ ఎక్కడ ఆగిందో, ప్రేమ ఎక్కడ మొదలైందో మనకి తెలియదు.

కరికాలుడి చెల్లెలు కుందవై, వందియదేవుల సంగతి వేరు. నవలలో అరిసిలారు నది ఒడ్డున ఆడపిల్లల కేకలు విని అతను గుర్రం దిగి పరుగెత్తుతాడు. నోరు తెరిచిన మొసలి కనబడగానే ఈటె విసురుతాడు. మొసలి కదలదు, పిల్లలు పకపకా నవ్వుతారు. అది దూది కూరిన చచ్చిన మొసలి! వీరుడు పరువు పోగొట్టుకున్న చోటే మనకి నచ్చేస్తాడు. సినిమాలో ఇది లేదు. కళ్ళకు గంతలతో ఉన్న అతని దగ్గరికి కుందవై నడిచొచ్చే సీను ఉంది, చాలా అందంగా ఉంది. అయినా నాకు మొసలే ఇష్టం. (ఈ కుందవై మేనకోడలి పేరూ కుందవైయే. ఆ పిల్ల వేంగి విమలాదిత్యుడికి ఇల్లాలై వచ్చింది. నన్నయ భారతం రాసింది ఆవిడ కొడుకు రాజరాజనరేంద్రుడి కోసమే.)

ఇక నేను ఒప్పుకోలేనిది పూంగుళలి విషయం. కోడిక్కరలో పడవ నడిపే పిల్ల, కరికాలుడి తమ్ముడు, యువరాజు అరుళ్మొళి మీద మనసు పడింది. తంజావూరులో శివుడికి పూలమాలలు కట్టే సేందన్ అముదన్ ఆమెకి మేనత్త కొడుకు, ఆమె అంటే ప్రాణం. చివరికి ఆమె బావనే చేసుకుంటుంది. గద్దెకి హక్కున్న అసలైన మధురాంతకుడు ఆ బావేనని తేలి, కిరీటం అతనికే దక్కుతుంది. సినిమాలో ఈ ముడి లేదు, మొదటినుంచీ గద్దె కోసం తిరిగిన మధురాంతకుడికే పట్టాభిషేకం. ఆ ప్రేమ పోవడంతో కిరీటం వదులుకుని అరుళ్మొళి చేసిన త్యాగానికి అర్థమే మారిపోయింది. రాజ్యం కోరని పూలవాడికి ఇవ్వడం ఒకటి, రాజ్యం కోసం కుట్ర చేసినవాడికి ఇవ్వడం ఇంకొకటి. రెండోదీ గొప్పదే కావచ్చు, కానీ అది కల్కి కథ కాదు.

మీవాళ్ళు తీసేద్దామంటున్న రెండు ప్రేమల్లోనూ ఎవరు ఎవరి కోసం ఏం చేశారో, అది లేకపోతే ఏ సీన్లు కూలతాయో ఒక కాగితం మీద రాసుకో. మీటింగ్‌లో ఆ కాగితం ముందు పెట్టి మాట్లాడు. ఆదివారం ఫోన్ చెయ్యి, ఇద్దరం కూర్చుని చూద్దాం.

ప్రేమతో,
అమ్మ