రంధ్రాల బొగ్గుకు నిధులు ఇచ్చే ముందు: పర్యావరణ శాఖ కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

కార్యదర్శి గారికి నమస్కారం.

వ్యర్థాలతో చేసిన బొగ్గుతో కార్బన్ డయాక్సైడ్ పట్టే ప్రాజెక్టులకు డబ్బు ఇచ్చేటప్పుడు దయచేసి ఉపరితల వైశాల్యం అంకె ఒక్కటే చూడకండి. గ్రాముకు 1000 చదరపు మీటర్లు దాటిందని గొప్పగా చెప్తారు, కానీ పొగలో పలచగా ఉండే ఆ గ్యాస్‌ను ప్రధానంగా పట్టేది 1 నానోమీటరు కన్నా చిన్న రంధ్రాలే.

ఈ పదార్థం మీద నాకు నిజంగా నమ్మకం ఉంది. కొబ్బరి చిప్పలు, ఊక, రంపపు పొట్టు లాంటివి గాలి తగలకుండా మాడ్చి, పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారం కలిపి 600–800 డిగ్రీల దగ్గర మళ్ళీ వేడి చేస్తే అలాంటి రంధ్రాలు వస్తాయి; పట్టిన గ్యాస్‌ను కొంచెం వేడి చేసినా, ఒత్తిడి తగ్గించినా వదిలేస్తుంది, అదే ఈ గ్యాస్‌ను పట్టడానికి వాడే మరో పదార్థం, అమీన్ అనే రసాయన ద్రావణమైతే దాదాపు 120 డిగ్రీల దాకా వేడి చేయాలి, ఆ ఆవిరి ఖర్చే పెద్ద టెన్షన్.

అయితే పొడి, స్వచ్ఛమైన గ్యాస్‌తో ల్యాబ్‌లో తీసిన ఫలితాలు చాలవు. బొగ్గు మండించే కరెంటు ప్లాంటు పొగలో కార్బన్ డయాక్సైడ్ 12–15 శాతమే, మిగతాది ఎక్కువగా నైట్రోజన్, పైగా తేమ. ఆ తేమలోనే వందలసార్లు వాడి చూపించాలని టెండర్‌లో రాయండి. తయారీలో ఆ క్షారం కడిగిన నీళ్ళు ఎక్కడికి పోతాయో కూడా అడగండి. పట్టిన గ్యాస్‌ను చివరికి ఎక్కడ దాస్తారో తేలకుండా మాత్రం ఒక్క బిల్లు కూడా పాస్ చేయొద్దు.