ఫిర్యాదు: నేను కొనని మీ పరికరంలో చేరిన మా మాటలను తొలగించడం గురించి

సంతపేట, చిత్తూరు

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

అయ్యా,

మెడలో వేసుకుంటే రోజంతా చుట్టుపక్కల మాటలు విని, గుర్తుపెట్టుకుని, సాయంత్రానికి సారాంశం రాసిచ్చే మీ ఏఐ లాకెట్టును నేను కొనలేదు. మీ యాప్‌లో నాకు ఖాతా కూడా లేదు. అయినా నా మాటలు, నా దగ్గర పనిచేసే అమ్మాయి మాటలు, మా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్ల మాటలు మీ సర్వర్లలో చేరాయి. వాటిని తొలగించమని మీ సహాయ విభాగానికి రాస్తే, ఖాతాదారు అడిగితే తప్ప తొలగించలేమని జవాబు వచ్చింది. ఆ జవాబు మీదే ఈ ఫిర్యాదు.

నాకు ఇక్కడ లేడీస్ టైలరింగ్ షాపు ఉంది. పెళ్లిళ్ల సీజనులో రద్దీగా ఉన్న ఒక సాయంత్రం మా పాత కస్టమరు ఒకావిడ ఆది జాకెట్టు ఇచ్చి, తన వంతు వచ్చేదాకా కూర్చున్నారు. మీ లాకెట్టు ఆమె నల్లపూసల పక్కనే, పైట కింద ఉంది. పరికరం వింటున్నప్పుడు చిన్న దీపం వెలుగుతుందని మీరు చెప్పుకుంటారు గానీ, పైట కింద వెలిగే దీపం ఎదుటివారికి ఎలా కనిపిస్తుంది? మరునాడు ఆవిడే, ఏ దురుద్దేశమూ లేకుండా, ఎంత బాగా రాసిందో చూడమ్మా అంటూ ఫోన్ నా చేతికిచ్చారు. ఆమె మీద నాకు ఏ కోపమూ లేదు. మతిమరుపు మొదలైన తనకు మందుల వేళ, రావలసిన చుట్టాల పేర్లు గుర్తుచేస్తుందని ఆ వస్తువును కొనుక్కున్నారు, ఆ అవసరం నిజమైనదే.

కొలతలు తీసేటప్పుడు టేపు నా చేతిలో, నోటుపుస్తకం అమ్మాయి చేతిలో ఉంటాయి. ఛాతీ, నడుము, భుజం, చంక, చెయ్యి పొడవు, ఒక్కొక్కటి నేను పైకి చెబితే ఆమె మనిషి పేరు కింద రాసుకుంటుంది. ఆ పుస్తకాన్ని రాత్రి సొరుగులో పెట్టి తాళం వేసిగాని నేను షాపు మూయను, ఎందుకంటే ఆడవాళ్లు తమ ఒంటి కొలతలను నా మీద నమ్మకంతో ఇస్తారు. అవే కొలతలు, పేర్లతో, అంగుళాలతో సహా, మీ సారాంశంలో వరుసగా ఉన్నాయి. వాటిలో లంగా ఓణీకి కొలతలిచ్చిన పదో తరగతి పిల్లవి కూడా ఉన్నాయి. అది చూసినప్పుడు నా చేతులు వణికాయి.

ఇంకొక సంగతి. కూతురికి పెళ్లి కుదిరిన ఒక తల్లి, ఖర్చులకు నగలు బ్యాంకులో కుదువ పెట్టామని నాతో మెల్లగా చెప్పుకుంది. మీ సారాంశం మాత్రం నగలు కుదువ పెట్టింది టైలరమ్మ కుటుంబమని రాసింది. మా ఊళ్లో ఒకే మాటలో తెలుగూ అరవమూ కలిసి వస్తాయి, ఒకరు ముగించకముందే ఇంకొకరు అందుకుంటారు. మీ పరికరం గొంతులను వేరు చేయలేకపోయింది. రేపు ఎవరైనా ఆ యాప్‌ను నా గురించి అడిగితే ఈ అబద్ధాన్నే నిజంగా చెబుతుంది, దాన్ని దిద్దే హక్కు నాకు లేదని మీరే అంటున్నారు.

మాటలు రాతలోకి మారాక ఆడియోను చెరిపేస్తామని మీ జవాబులో రాశారు. నన్ను బాధించేది ఆ రాత, దాని నుంచి తయారైన సారాంశం. అవి అక్కడే ఉంటే ఆడియో పోయి ఏం లాభం? చుట్టూ ఉన్నవారి అనుమతి తీసుకోవలసిన బాధ్యత లాకెట్టు వేసుకున్నవారిదేనని కూడా అన్నారు. పరికరాన్ని ఎప్పుడూ వినేలా తయారుచేసింది మీరు, మాటలను దాచుకుంటున్నది మీరు, అనుమతి మాత్రం ఆ పెద్దావిడ షాపులో ప్రతి ఒక్కరినీ అడగాలా?

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017లోనే తీర్పు చెప్పింది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, ఎవరి సమాచారమో వారి స్వేచ్ఛాయుతమైన, స్పష్టమైన సమ్మతి కావాలంటుంది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి అడుగుతుంది. సొంత, ఇంటి అవసరానికి వాడుకునే వ్యక్తికి అందులో మినహాయింపు ఉన్న మాట నిజమే, కానీ అది ఆ వ్యక్తికి ఇచ్చినది, సర్వర్లు నడిపే కంపెనీకి కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతల అమలుకు పద్దెనిమిది నెలల గడువు ఉంది. ఆ గడువు మీరు సిద్ధం కావడానికి ఇచ్చినది, ఈలోగా మా మాటలు పోగుచేసుకోవడానికి కాదు.

ఇలాంటి పరికరాలు చేసే కంపెనీలు ఎక్కువ కాలం ఒకే చేతిలో ఉండడం లేదు. హ్యూమేన్ సంస్థ ఆస్తులను 2025లో హెచ్‌పీ కొన్నప్పుడు, ఆ ఫిబ్రవరి నెలాఖరుకే దాని పరికరం, బట్టలకు తగిలించుకునే ఏఐ పిన్, సేవలు ఆగిపోయాయి. మాటలు వినే చేతిపట్టీ చేసే బీ సంస్థను అదే ఏడాది అమెజాన్ కొంది. రేపు మీ సంస్థను ఎవరైనా కొంటే, సంతపేటలో ఒక పదో తరగతి పిల్ల కొలతలు ఎవరి చేతికి పోతాయో చెప్పగలరా?

కాబట్టి ఆ సాయంత్రం మా షాపులో నమోదైన మాటల రాతను, సారాంశాలను, వాటి నకళ్లను ఖాతాదారు అడిగేదాకా ఆగకుండా తొలగించి, తొలగించినట్టు రాతపూర్వకంగా తెలపండి. తేదీ, సమయం ఈ లేఖతో జతచేసిన కాగితంలో ఉన్నాయి. ఖాతాదారు కూడా ఒప్పుకుని దాని మీద సంతకం చేశారు. ఆ మాటలను మీ ఏఐకి శిక్షణ ఇవ్వడానికి వాడారో లేదో కూడా చెప్పండి. ఖాతా లేనివారు తెలుగులో ఫిర్యాదు చేసుకునే మార్గం ఒకటి పెట్టండి. అన్నిటికంటే ముఖ్యంగా, యజమాని గొంతు కాని గొంతులను, ఆ మనిషి ఒప్పుకునేదాకా, దాచకుండా వదిలేసేలా పరికరాన్ని మార్చండి.

నేను మీ కొనుగోలుదారును కాను గనుక వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి నాకు సులువు కాదని తెలుసు. 15 రోజుల్లోగా జవాబు రాకపోతే ఈ లేఖ నకలును, మీ పాత జవాబుతో కలిపి, డేటా పరిరక్షణ బోర్డుకు పంపుతాను.

ఇట్లు,
లేడీస్ టైలరింగ్ షాపు యజమానురాలు,
సంతపేట, చిత్తూరు