ఎయిర్‌బ్యాగులు లెక్కపెడితే చాలదు

సంపాదకులకు నమస్కారం.

కొత్త కార్ల గురించి రాసినప్పుడల్లా ఎయిర్‌బ్యాగులు రెండా, ఆరా అన్నదే చర్చ. వాటి ముందు ఎలా కూర్చోవాలో ఒక్క ముక్క ఉండదు. మీ వాహనాల పేజీలోనైనా ఆ సంగతి రాయమని మనవి.

ఎయిర్‌బ్యాగ్ మెత్తటి దిండు కాదు. బండి గుద్దుకోగానే సెకనులో ఇరవయ్యో వంతు కూడా పట్టకుండా తన్నుకొస్తుంది. బయటపడ్డ తొలి 5–8 సెంటీమీటర్లలో, అంటే బెత్తెడు దూరంలో, దాని దెబ్బ మరీ ప్రమాదం. అందుకే డ్రైవర్ రొమ్ము ఎముకకూ స్టీరింగ్ నడిమికీ కనీసం 25 సెంటీమీటర్లు, జానెడు మీద కాస్త, ఎడం ఉండాలి. పొట్టివాళ్లు పెడళ్ల కోసం ముందుకు జరిగిపోతారు. పెడళ్లు అందినంత మేర సీటు వెనక్కి జరిపి, వీపు భాగాన్ని కొంచెం వాల్చాలి. రోడ్డు కనబడకపోతే సీటు ఎత్తు పెంచుకోవాలి. స్టీరింగ్ వంపు మార్చుకునే వీలుంటే అది మొహం వైపు కాక ఛాతీ వైపు చూడాలి. చేతులు గడియారంలో 9, 3 అంకెలుండే చోట పెట్టాలి. పైన 12 దగ్గర పెడితే బ్యాగు ఆ చేతినే మొహాన కొడుతుంది.

ఎయిర్‌బ్యాగ్ బెల్టుకు తోడే గానీ బదులు కాదు. బెల్టు లేని మనిషి గట్టి బ్రేకుకే ముందుకు జారి, సరిగ్గా ఆ బెత్తెడు దూరంలోకే చేరతాడు. బెల్టు పెట్టుకోమనే మోత భరించలేక, బెల్టు బదులు ఖాళీ క్లిప్పు గుచ్చేవాళ్లు తమ బ్యాగును తామే శత్రువుగా మార్చుకుంటున్నారు! నడుం పట్టీ పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద ఉండాలి. గర్భిణులకు పొట్ట కిందుగా రావాలి.

వెనక్కి తిరిగి ఉండే పసిపిల్లల సీటును పనిచేసే ఎయిర్‌బ్యాగ్ ముందు ఎప్పుడూ బిగించకూడదు. ఆ సీటు వీపు డ్యాష్‌బోర్డుకు ఆనుకున్నంత దగ్గర, దాని వెనకే బిడ్డ తల. ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకుంటే బ్యాగుకూ పెద్దవాళ్లకూ మధ్య నలిగేది పిల్లలే. పదమూడేళ్లు వచ్చేదాకా వాళ్ల చోటు వెనక సీటే.

సీటు అంచులో సైడ్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లకు మామూలు బిగుతు కవర్లు తొడిగితే అది తెరుచుకోవడానికి అడ్డుపడతాయి. ఎయిర్‌బ్యాగ్ మూత మీద అతికించిన బొమ్మలు రాళ్లలా ఎగిరొస్తాయి. డ్యాష్‌బోర్డు మీదికి కాళ్లు చాపితే తుంటి, తొడ ఎముకలు విరుగుతాయి.

తాళం తిప్పగానే మీటరులో ఎయిర్‌బ్యాగ్ దీపం కొన్ని క్షణాలు వెలిగి ఆరాలి. ఆరకపోయినా, అసలు వెలగకపోయినా లోపమే. పాత కారు కొనేవాళ్లు ఆ రెండోదాన్ని మరీ అనుమానించాలి. పేలిపోయిన బ్యాగు మార్చకుండా దీపాన్ని చంపేసి అమ్మడం తేలిక.

ఇట్లు,
ఒక పాఠకుడు