వ్రతం కిట్లలో పూలు ఎందుకు వాడిపోయాయంటే

మన దగ్గర టేబుల్ పూల కిట్ తీసుకునేవాళ్లందరికీ,

వరలక్ష్మి వ్రతానికి ముందు రోజు మీరు పట్టుకెళ్లిన కిట్లలో పూలు శుక్రవారం పూజ వేళకే తలలు వాల్చేశాయి. తప్పు మీది కాదు, పూలదీ కాదు. ఆ చామంతులు, గులాబీలు తెల్లవారకముందే గుడిమల్కాపూర్ మార్కెట్‌కి వెళ్లి నేను ఏరి తెచ్చినవి. తప్పు కాడలు గుచ్చడానికి అడుగున పెట్టిన పచ్చ ఫోమ్ ఇటుకది.

ఫోమ్‌లో రెండు రకాలుంటాయి. తాజా పూలకి వాడేది నీళ్లు పీల్చుకుంటుంది. బకెట్లో వదిలితే కాసేపట్లో దానంతట అదే మునుగుతుంది. ఎండు పూలకి, ప్లాస్టిక్ పూలకి వాడేది చుక్క కూడా పీల్చదు. మామూలుగా అది బూడిద రంగులోనో గోధుమ రంగులోనో ఉంటుంది. మాకు మాత్రం ఆ రకమే పచ్చ రంగులో వచ్చింది. ఎప్పుడూ వచ్చే డబ్బానే, రేటూ అదే. "ముద్ద పైకి తేలుతోందమ్మా, రాయి పెట్టమంటావా?" అని మెహిదీపట్నం నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేస్తే గానీ నాకు వెలగలేదు. ప్రతి డబ్బాలోంచి ఒకటి తీసి నానబెట్టి చూడటం నా అలవాటు. శ్రావణమాసం హడావుడిలో ఆ వారం చూడలేదు. అది నా తప్పే.

సప్లయర్‌కి ఫోన్ చేశాను. "మీ కస్టమర్లకి నానబెట్టడం రాదేమో మేడమ్, చేత్తో నొక్కి ఉంటారు" అన్నాడు. చేత్తో నొక్కితే లోపల గాలి చిక్కుకుని మధ్యలో పొడిగా ఉండిపోతుంది, నిజమే. ఆ సంగతి కిట్‌లో పెట్టే కాగితం మీద రాసేది నేనే! ఇన్నేళ్లుగా నా దగ్గర కొంటున్నవాళ్లకి ఇటుక నానబెట్టడం రాదట. ఆ మాట నాకింకా మింగుడు పడటం లేదు. రాత్రంతా బకెట్లో పడవలా తేలిన ఇటుకని వీడియో తీసి పంపాక, డబ్బాకి రెండు డబ్బాలు ఇస్తానన్నాడు. వద్దన్నాను. "కోపం మీద వ్యాపారం చేస్తావా?" అన్నారు మా ఆయన. కొంచెం కోపమే, ఒప్పుకుంటాను.

కానీ కోపం ఒక్కటే కాదు. ఆ ఫోమ్ ప్లాస్టిక్కే. వాడాక పొడిపొడిగా రాలి సింకులోంచి పోతుంది, పెరట్లో పారేస్తే మట్టిలో కలవదు. ఇది నాకు ముందు నుంచీ తెలుసు. ఎక్కడ గుచ్చితే అక్కడ పువ్వు నిలబడుతుందని ఊరుకున్నాను.

దాని బదులు ఏం పెట్టాలా అని పది రోజులు తెగ టెన్షన్ పడ్డాను. ముందు అరటి బోదె ముక్కలు కోసి చూశాను. చూడముచ్చటగా ఉంది, పువ్వు బాగా నిలబడింది. రెండో రోజుకి కోసిన చోట నల్లబడింది, వాసన మొదలైంది, తెల్ల టేబుల్ క్లాత్ మీద అరటి కర అంటుకుంది. ఆ మరక నాలుగు ఉతుకులకీ పోలేదు. మీ ఇంటి క్లాత్ మీద ఆ ప్రయోగం చేయలేను.

చివరికి కోళ్ల గూళ్లకి కట్టే తీగ జాలి దగ్గర ఆగాను. ఇక నుంచి కిట్‌లో అదే వస్తుంది. జాలి ముక్కని బంతిలా వదులుగా మడిచి లోతున్న గిన్నెలో కూర్చోబెట్టండి. కదలకుండా పైన టేప్ ఇంటూ గుర్తులా అతికించి, గిన్నెలో మూడొంతుల్లో రెండొంతుల నీళ్లు పోయండి. నీళ్లలో మునిగే ఆకులన్నీ తుంచేయండి, లేకపోతే కుళ్లి నీళ్లు పాడవుతాయి. కాడలు ఏటవాలుగా కోసి ముందు క్రోటన్ ఆకులు, తర్వాత గులాబీలు, ఖాళీల్లో చామంతులు గుచ్చండి. అంచున నాలుగు రెబ్బలు మరువం పెడితే వాసన నేను చెప్పక్కర్లేదు. ఎత్తు మాత్రం ఎదుటి మనిషి మొహం కనిపించేంతే. రోజూ నీళ్లు మార్చండి.

ఫోమ్‌తో పది నిమిషాల్లో అయ్యేది దీనితో మొదటిసారి అరగంట పట్టొచ్చు. జాలి మొనలు చేతికి గీసుకోకుండా అంచులు మడిచే ఇస్తాం.

ఆ గురువారం కిట్ తీసుకున్నవాళ్లు డబ్బులు కావాలంటే డబ్బులు, కొత్త కిట్ కావాలంటే కిట్ తీసుకోండి. బిల్లు లేకపోయినా ఫరవాలేదు, మొహాలు నాకు గుర్తే. జాలి మడవడం చూడాలనుకునేవాళ్లు శనివారం సాయంత్రం ఇంట్లో ఉన్న గిన్నె పట్టుకుని షాపుకి రండి. కౌంటర్ పక్కన బకెట్లో ఆ ఇటుక ఇంకా తేలుతూనే ఉంది, అదీ చూసి వెళ్లండి.