నాన్నను లేపనివ్వని అక్కయ్యకు

పోయిన నెల రెండో శనివారం మధ్యాహ్నం విజయవాడ పండిట్ నెహ్రూ బస్టాండులో, గుంటూరు బస్సుల దగ్గర ఒక పెద్దాయన కళ్ళు తిరిగి పడిపోయారు. ఆయన మా నాన్న. ఆకుపచ్చ చీర కట్టుకున్న అక్కయ్యా, ఆ కంగారులో మీ పేరైనా అడగలేదు. ఈ పోస్టు మీకోసమే.

బస్సొచ్చిందని నాన్న బెంచీ మీంచి గబుక్కున లేచారు. నాలుగడుగులు వేశారో లేదో "కళ్ళు బైర్లు కమ్ముతున్నాయమ్మా" అంటూ కూలిపోయారు. చేతులు రెండుసార్లు కొట్టుకున్నాయి. ఎవరో ఫిట్సన్నారు. ఒకాయన తాళాలగుత్తి తెచ్చి చేతిలో పెట్టారు, ఇంకొకాయన చంకల కింద చేతులేసి నిలబెట్టబోయారు. నేను నోట్లో నీళ్ళు పోయబోయాను. అప్పుడు మీ గొంతు వినపడింది. "లేపకండి! నిలబెడితే తలకి రక్తం అందదు. నీళ్ళొద్దమ్మా. నేను నర్సుని." కింద కూర్చుని నాన్న కాళ్ళు మీ ఒళ్ళో పెట్టుకున్నారు. నిమిషం కాకముందే ఆయన కళ్ళు తెరిచి "బస్సు పోయిందా?" అన్నారు.

మీరప్పుడు అడిగారు: "షుగరుందా? పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ ఎప్పుడైనా చూశారా?"

షుగరుంది, బీపీ మాత్రం అలా ఎప్పుడూ చూడలేదక్కా. ఫిట్సే అనుకుని ఏడాదిగా ఫిట్సు మాత్రలు వేస్తున్నాం. ఎక్కడికెళ్ళినా కుర్చీలో కూర్చోబెట్టే బీపీ చూశారు, బాగానే ఉందన్నారు. అది తలచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది.

మీ మాట పట్టుకుని న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళాం. పడుకున్నప్పుడు 152/84. నిలబడ్డ మూడో నిమిషానికి 106/62. పై అంకె 20 పడితే చాలు జబ్బు కింద లెక్కట, నాన్నకి 46 పడింది. ఎవరికైనా లేచి నిలబడగానే అరలీటరుకు పైగా రక్తం కాళ్ళలోకీ పొట్టలోకీ దిగుతుందట. మన ప్రమేయం లేకుండా పనిచేసే నరాలు వెంటనే రక్తనాళాలను బిగించి, గుండె వేగం పెంచి బీపీని నిలబెడతాయి. 19 ఏళ్ళ షుగరుకి నాన్నకి ఆ నరాలే దెబ్బతిన్నాయి. బీపీ అంత పడినా నాడి నాలుగంటే నాలుగే పెరగడం చూసి డాక్టరుగారు సంగతి పట్టేశారు. ప్రోస్టేటు మాత్ర కూడా బీపీని దించుతోందని మార్చారు. ఫిట్సు మందు డాక్టరుగారే మెల్లగా తగ్గించుకొస్తున్నారు.

ఇప్పుడు నాన్న మంచానికి తలవైపు కోళ్ళ కింద ఇటుకలున్నాయి. పొద్దున్నే అమ్మ రెండు గ్లాసుల నీళ్ళు తాగిస్తుంది. మంచం అంచున కూర్చుని పాదాలాడిస్తూ, అమ్మ అరవై లెక్కపెట్టాకే ఆయన లేవాలి. యాభైకే లేవబోతే అమ్మ మళ్ళీ ఒకటి నుంచి మొదలెడుతుంది. కళ్ళు మసకేస్తే కాళ్ళు మెలేసి బిగిస్తారు, అప్పటికీ తగ్గకపోతే ఉన్నచోటే కూర్చుంటారు. ఆ రోజు తర్వాత మళ్ళీ పడలేదు.

మూగిన జనాన్ని పక్కకి జరిపి అట్టముక్కతో విసిరిన టీకొట్టు బాబాయికీ, మాకోసం బస్సు ఆపి ఉంచిన కండక్టరుగారికీ చేతులెత్తి నమస్కారం. ఇది చదివేవాళ్ళూ, మీ ఇంట్లో షుగరున్నవాళ్ళు లేవగానే తూలుతుంటే, ఆ అక్కయ్య అడిగిన ప్రశ్నే మీ డాక్టర్ని అడగండి.

అక్కా, నాన్న నుదురు తుడిచిన మీ చేతిరుమాలు మా దగ్గరే ఉండిపోయింది. ఉతికి ఇస్త్రీ చేశాను. ఈ శనివారం ఆ టీకొట్టులో ఇచ్చి వెళ్తాను, అటు వచ్చినప్పుడు తీసుకోండి.