గడ్డం కత్తిని సాన చక్రానికి ఇవ్వకండి

సంపాదకులకు,

పాలకొల్లు, నరసాపురం వైపునా కోనసీమలోనూ పాత మండువా ఇళ్లు విప్పుతుంటే అటకల మీంచి, భోషాణాల్లోంచి మడత గడ్డం కత్తులు బయటపడుతున్నాయి. కొన్ని పాత ఇనుము కింద తూకానికి పోతున్నాయి, కొన్ని సాన చక్రానికి వెళ్తున్నాయి. రెండోదే నాకు ఎక్కువ బాధ. బాగుచేయిద్దామన్న మనసుతోనే పాడుచేస్తున్నారు.

ఈ కత్తి వాదర దగ్గర కాగితం కంటే పలచన. తిరిగే చక్రం తగిలితే వేడి పోవడానికి చోటుండదు. చూస్తుండగానే అంచు పసుపు తిరిగి, తర్వాత నీలం అవుతుంది. నీలం వచ్చిందంటే ఉక్కు మెత్తబడినట్టే. ఆపైన ఎంత నూరినా పదును నిలవదు.

ముందు కత్తిని వెలుతురులో తిప్పి చూడాలి. వాదర మీద పగులు ఉంటే అది అలంకారానికే. తుప్పు గుంటలు వాదర దాకా దిగినా అంతే, నూరేకొద్దీ అంచు పెచ్చులు రాలుతుంది. పాత పిడి సెల్యులాయిడ్‌ది (పాతకాలపు ప్లాస్టిక్) అయితే దాచుకోకండి. ముదిరిన సెల్యులాయిడ్ నుంచి ఆమ్లపు ఆవిరి వచ్చి ఉక్కును తింటుంది. పిడి లోపల దాగే భాగమే ఎక్కువ తుప్పు పట్టి, రివెట్ల చుట్టూ పచ్చటి చిలుము చేరితే కారణం చాలావరకు అదే. దాన్ని నిప్పు దగ్గరికి తీసుకెళ్లకండి, భగ్గుమంటుంది.

పాత పిడి ఊడదీయడానికి రివెట్ తలను ఆకురాయితో అరగదీసి, సన్నటి పంచ్‌తో నెట్టాలి. పెకలిస్తే పిడి చీలుతుంది. తుప్పుకు వాటర్ పేపర్ 400, 600, 1000, 2000 వరసగా (అంకె పెరిగేకొద్దీ నునుపు), నూనె చుక్క వేసి చేత్తోనే రుద్దాలి. కత్తిని చెక్క దిమ్మె మీద ఆనించి, వాదరకు టేపు చుట్టుకోవాలి. కత్తి మొదలు దగ్గర జోలింగెన్ (జర్మనీ), షెఫీల్డ్ (ఇంగ్లండ్) లాంటి తయారీ ఊళ్ల ముద్రలుంటే వాటి జోలికి పోవద్దు. బంగారు పూత ఉంటే సబ్బునీళ్లు చాలు.

కొత్త పిడికి విప్పిన తలుపుల టేకు మనకు దొరికే మంచి సరుకు, ఏళ్ల తరబడి ఆరింది కాబట్టి వంకర పోదు. గేదె కొమ్ము ఇంకా అందం. కానీ అది తేమకు వంగుతుంది, పురుగూ పడుతుంది. కొబ్బరి మాను బయటి గట్టి చేవ పనికొస్తుంది గానీ కోత దగ్గర పీచు లేస్తుంది. పిడికి రెండు పక్కలా వచ్చే చెక్కలు 3 మి.మీ. మందాన తీసి, రెండువైపులా అంటుకునే టేపుతో ఒకదానికొకటి అతికించి, కలిపే చెక్కి, కలిపే రంధ్రాలు వేయాలి. విడివిడిగా వేస్తే రంధ్రాలు కలవవు, కత్తి ఒక పక్కకు మూసుకుంటుంది.

పిడి తోక వైపు, అంటే కత్తి తిరిగే రివెట్‌కు ఎదురు కొసన, రెండు చెక్కల మధ్య పెట్టే చీల ముక్క చివర మందంగా, లోపలికి పోయేకొద్దీ పలచగా ఉండాలి. చాలామంది తప్పేది ఇక్కడే. చీలకు వాలు లేకపోతే చెక్కలకు బిగువు రాదు, వాదర పిడికి తగులుతుంది. రివెట్లకు 1.6 మి.మీ. ఇత్తడి కడ్డీ వాడాలి. వాషర్ దాటి ఒక్క మిల్లీమీటరు మిగిల్చి, చిన్న గుండ్రటి సుత్తితో మెల్లగా చుట్టూ తడుతూ తల కట్టాలి. గట్టిగా కొడితే కడ్డీ లోపల వంగుతుంది, చెక్క పగులుతుంది. ప్రతి నాలుగు దెబ్బలకీ కత్తి తెరిచి మూసి చూసుకోండి. పైన అవిసె నూనె రాస్తే, తుడిచిన గుడ్డను ఉండచుట్టి పడేయకుండా పరిచి ఆరబెట్టండి. ఉండలో వేడెక్కి దానంతటదే అంటుకుంటుంది.

నూరేటప్పుడు వెన్నూ (వాదరకు ఎదురుగా ఉండే మందపు అంచు) వాదరా రెండూ రాయికి ఆనాలి. 1000, 4000, 8000 రాళ్ల మీద వాదర ముందుగా, బరువు వేయకుండా నడపాలి. తోలు పట్టీ మీద మాత్రం వెన్ను ముందుండాలి, లేకపోతే పట్టీ తెగుతుంది.

ఉప్పుగాలి తగిలే అంతర్వేది, ఓడలరేవు లాంటి ఊళ్లలో వాడిన ప్రతిసారీ తుడిచి, ఆరనిచ్చి, కుట్టుమిషను నూనె రాయాలి. తోలు సంచిలో పెడితే తేమ పట్టి మళ్లీ తుప్పే. ఇది ఒక్కరి గడ్డానికే. రక్తం ద్వారా హెపటైటిస్ బి లాంటివి సోకుతాయి కాబట్టి దుకాణాల్లో ఒక్కొక్కరికి బ్లేడు మార్చే కత్తే ఉండాలి.

- ఒక పాఠకుడు, పాలకొల్లు