సీఆర్‌ఆర్ రోడ్డును ముక్కలుగా చూడొద్దు

సంపాదకులు గారికి నమస్కారం.

శ్రీకాకుళం జిల్లా చిలకపాలెం దగ్గర జాతీయ రహదారి దిగి పొందూరు, రాజాం, తెర్లాం, రామభద్రపురం, బొబ్బిలి, పార్వతీపురం మీదుగా రాష్ట్ర సరిహద్దులోని కూనేరు దాటి ఒడిశాలోని రాయగడ వెళ్లే రోడ్డును మా వైపు సీఆర్‌ఆర్ రోడ్డు అంటారు. చిలకపాలెం, రామభద్రపురం, రాయగడ పేర్లు కలిపి పెట్టిన పేరది. రోడ్డు ఒక్కటే అయినా బాగుచేయడం మాత్రం ఎప్పుడూ ముక్కలుగానే జరుగుతోంది. ఈ ఉత్తరం రాస్తున్నది అందుకే.

1936లో ఒడిశా వేరుపడే దాకా బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ మూడూ విశాఖపట్నం జిల్లాలోనివే. రాయగడ అటు పోయినా, 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడ్డాక చిలకపాలెం, రాజాం, బొబ్బిలి, పార్వతీపురం ఒకే కలెక్టరు కింద ఉండేవి. 1979లో విజయనగరం జిల్లా వచ్చింది, 2022లో పార్వతీపురం మన్యం వచ్చింది. ఇప్పుడు పొందూరు ఒక జిల్లా, రాజాం, బొబ్బిలి మరో జిల్లా, సీతానగరం నుంచి ఇంకో జిల్లా. కొత్త జిల్లాలు రావడం మంచిదే, ఆఫీసులు దగ్గరయ్యాయి. రోడ్డుకు మాత్రం పెద్దదిక్కు లేకుండా పోయింది.

దీని మీద తిరిగేవి మన ఊళ్ల ఆటోలు, బస్సులే కాదు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి విశాఖ వైపు వచ్చే బరువు లారీలు ఉన్నాయి. రామభద్రపురం మార్కెట్ నుంచి కూరగాయలు, బొబ్బిలి గ్రోత్ సెంటర్ (పారిశ్రామికవాడ) సరుకు పోయేదీ దీని మీదే. ఇంత బరువు మోసే రోడ్డుకు చాలాచోట్ల పక్క కాలువల్లేవు. వాన నీళ్లు రోడ్డు మీదే నిలిచిపోతాయి. తడిసిన రోడ్డు మీద లారీ పోతే అడుగు పొర కుంగిపోతుంది. గోతిలో నాలుగు తట్టల చిప్స్ పోసి తారు చల్లితే మళ్లీ వానకే లేచిపోతుంది. డబ్బు ఖర్చవుతూనే ఉంది, గోతులు ఉంటూనే ఉన్నాయి.

అన్నిటికన్నా టెన్షన్ పెట్టేవి వంతెనలు. బొబ్బిలి, రామభద్రపురం మధ్య పారాది దగ్గర వేగావతి మీది పాత వంతెన బలహీనపడటం, పక్కన వేసిన కాజ్‌వే వరదకు కొట్టుకుపోవడం మనమంతా చూశాం. సీతానగరం దగ్గర సువర్ణముఖి మీద బ్రిటిష్ వాళ్ల నాటి ఇరుకు వంతెన పైనే ఏళ్ల తరబడి బస్సులూ లారీలూ నడిచాయి. పారాదిలో దారి తెగితే నష్టం ఆ ఊరితో ఆగదు. పార్వతీపురం అవతలి కొమరాడ కొండల్లో నుంచి విజయనగరం, విశాఖ ఆసుపత్రులకు తెచ్చే రోగిని చుట్టూ తిప్పి తీసుకురావాలి. పురిటి నొప్పులతో ఉన్న మనిషికి ఆ చుట్టు ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు.

అందుకే నా మనవి ఇది. చిలకపాలెం నుంచి కూనేరు దాకా మొత్తానికి ఒకే అంచనా వేయాలి. మూడు జిల్లాల పనినీ చూసే ఒక ఇంజనీరును నియమించాలి. ముందు వంతెనలు, తర్వాత కాలువలు, ఆ తర్వాతే తారు. కాలువ లేకుండా పైన తారు వేసే పనికి బిల్లు పాస్ చేయకూడదు. ప్రతి జిల్లా సరిహద్దులో బోర్డు పెట్టి, ఆ భాగం పని ఎవరిది, ఎప్పుడు పూర్తవుతుందో తెలుగులో రాయాలి. రాయగడ వైపు భాగం గురించి ఒడిశా అధికారులతోనూ మాట్లాడాలి. వానలు మొదలయ్యే లోపే కనీసం వంతెనల పరిస్థితిని పరీక్షించి, ఆ వివరాలు జనానికి చెప్పాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
తెర్లాం మండలం, విజయనగరం జిల్లా